ఆగే చోటు

ట్రెగారన్ లైబ్రరీ వెనకగదిలో
మడత బల్ల మీద పటం పరిచి నిలబడ్డాను.
ప్రాంతీయ ప్రణాళిక, రెండో ముసాయిదా.
నలభై రెండు ఆకుపచ్చ చుక్కలు.
ఒక్కో చుక్కా ఒక చార్జింగ్ స్థలం,
ఇంకా తవ్వని గుంత,
ఇంకా రాని తీగ.

వచ్చినవాళ్లు తొమ్మిదిమంది.
అందులో ఇద్దరు వాన తగ్గేదాకా కూర్చుందామని.
ఒకాయన, బస్సెందుకు తీసేశారని అడిగాడు.
అది నా శాఖ కాదన్నాను.
నీ శాఖేదో నాకెందుకని
రెండు బిస్కెట్లు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఈ చుక్కలు ఊరికే రాలేదు.
రోడ్డుకడ్డంగా రబ్బరు గొట్టాలు పరిచి
పద్నాలుగు రోజులు చక్రాలు లెక్కపెట్టాం.
ఎక్కువ కార్లు పోయే చోట పెద్ద చుక్క,
తక్కువ పోతే చిన్నది,
అసలు పోకపోతే తెల్ల కాగితం.
లెక్క తప్పలేదు.
ఇప్పటికీ అదే అంటాను, లెక్క తప్పలేదు.

నెరిస్ ప్రిచర్డ్, ఇళ్లకు తిరిగే నర్సు,
తడి కోటు విప్పకుండానే పటం మీదికి వంగింది.
ఆమె మోచేతి నించి నీళ్లు జారి
లాంపిటర్ పక్కన మా చుక్కొకటి అలుక్కుపోయింది.
"ఇవన్నీ కార్లు పోయే చోట్లు," అంది.
"ఆగే చోట్లేవీ?"

పెన్సిలిచ్చాను.
తెల్ల కాగితం మీద,
దారి గీత కూడా అయిపోయాక, ఒక గుర్తు:
ఇక్కడ కాలి పుండుకి కట్టు, నలభై నిమిషాలు.
దాని మీదుగా కొండవాలులో ఇంకోటి:
ఇక్కడ ఇన్సులిన్, పది.
ఆయన కుక్క సంగతి ఎత్తుకుంటే ఇరవై.
మూడో చోట పెన్సిల్ దిగి, అక్కడే ఉండిపోయింది.
"ఇక్కడికి రాత్రిళ్లు కూడా.
ఎంతసేపంటే చెప్పలేను.
పోయేవాళ్లు గడియారం చూసుకుని పోరు కదా."

జనవరిలో హీటరు వేస్తే బ్యాటరీ సగమట.
అందుకని వెయ్యదు. మోకాళ్ల మీద దుప్పటి,
చేతులకి గ్లవుజులు.
ఇరవై మూడు మైళ్లు వస్తుందంటుంది కారు,
ఇల్లు పంతొమ్మిది,
నడుమ కొండుందని దానికి తెలీదు.
ఆ మూడో ఇంటి ముసలావిడే
వంటింటి కిటికీలోంచి ప్లగ్గుతీగ అందిస్తుంది.
లోపల ఆయనకి ఆక్సిజన్ మిషను,
బయట నా కారు, రెంటికీ ఒకటే గోడ.
నేను తీగ తీసేదాకా
ఆవిడ టీకి నీళ్లు పెట్టదు,
ఫ్యూజు పోతుందని.

నేను చెప్పవలసింది చెప్పాను.
ఆ లోయకెళ్లే కరెంటు తీగ సన్నది.
కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఐదేళ్లు,
అదీ వరసలో నిలబడితే.
రోజుకి కనీసం పన్నెండు కార్లు రాని చోటికి
నిధులడిగే ఫారమే లేదు.
చెబుతూ చెబుతూ నా గొంతే నాకు
కౌంటరు వెనక గుమస్తా గొంతులా వినిపించింది.
"తెలుసు," అంది. కోపంగా కాదు.
పెన్సిల్ తిరిగిచ్చేసి
గోడవార కూర్చున్న ఇద్దరినీ
దారిలో దింపుతాను రమ్మంది.

ఆఫీసులో స్కానరు
ఆకుపచ్చ చుక్కలన్నిట్నీ పట్టుకుంది,
నీళ్లకి చెదిరినదాన్ని కూడా.
పెన్సిల్ గుర్తుల్ని పట్టుకోలేదు.
అభిప్రాయాల పత్రంలో రెండే గడులు:
అభ్యంతరమా, సూచనా?
ఆ మధ్యాహ్నాన్ని దేంట్లో పెట్టాలో తేల్చుకోలేక
టీ తాగడానికి లేచాను.

మూడో ముసాయిదాకి శుక్రవారం గడువు.
బుధవారం నెరిస్ ఫోన్ చేసింది.
ఆ మూడో గుర్తు ఇక అక్కర్లేదు, చెరిపెయ్యండి, అంది.
వెనకాల ఎక్కడో కేటిల్ ఈల.

రబ్బరు తీసుకుని
కాగితం చిరక్కుండా, మెల్లగా రుద్దాను.
ఆమె చెయ్యి ఆగి నొక్కిన చోట
ఆవగింజంత గుంట.
గీత పోయింది.
గుంట పోలేదు.

పక్క పట్టికలో
రోజుకి ఎన్ని వాహనాలు అన్న గడి
ఖాళీగా ఉంది.
శుక్రవారం లోపు ఏదో ఒకటి రాయాలి.