రెండు టికెట్ల ఎత్తు

సుబేదారిల ఆర్కెస్ట్రా మూసేసినోళ్ల దగ్గర
మెట్లు పీకేసిన బాసు గిటారు కొన్న.
మెట్లుండిన చోట తెల్లచెక్క నింపిన గీతలు,
రంపం జారిన గాటు ఒకటి,
తీగలేమో జానెడెత్తు.
బట్టలారేసుకోవచ్చు, అన్నది మా చెల్లె.

నిజమే. నొక్కితే వేలు కోసుకపోయేది.
నొక్కేలోపే స్వరం
దిగాల్సిన టేషను దాటిపోయేది.

ఫాతిమానగర్ల ఇన్నయ్య ఉన్నడు పో, అన్నరెవరో.
ముప్పై నాలుగేండ్లు డీజిల్ షెడ్డుల ఫిట్టరు.
ఇప్పుడు చర్చి హార్మోనియం తిత్తులకు
తోలు అతికిస్తుండు,
కుట్టుమిషన్లు, అడిగితే మిక్సీలు గూడ.

బాసును బల్ల మీద పండబెట్టలేదు.
తుపాకిలెక్క ఎత్తి, ఒక కన్ను మూసి
మెడ పొడుగునా చూసిండు.
"మా నాయిన గ్యాంగుమన్. పట్టా మీద చెంప ఆనిచ్చి
గిట్లనే చూసేటోడు.
వంకర కంటికే దొరుకుతది బిడ్డా, టేపుకు దొరకది."

మెడ లోపలి కడ్డీకి పానా పెట్టి
పావు తిప్పు తిప్పిండు.
"ఇగ చాయ్ తాగుదాం."
ఏమైందన్న.
"కర్రకు చెప్పినం గదా. అది ఇనాలె."

చాయ్ అయినంక తీగను రెండు కొసలా నొక్కి
నడుమ పోస్టుకార్డు దూర్చిండు. దూరింది.
తలకాయ కాడి ఎముకముక్కను
"దీన్ని గూడ నట్టే అంటరా?" అని నవ్వి
సన్నాకురాయితోని గాడి అరగదీసిండు,
ఆడ గూడ పోస్టుకార్డు మందమే.
"మెట్లున్నదాని తీగ మెట్టు మీదికెల్లి దాటాలె.
దీనికి ఆ బాధ లేదు, కర్ర మీద పండుకోవచ్చు.
కాని పండుకుంటే పాడది."

బ్రిడ్జి దిక్కు కొలతకు
చొక్కా జేబులకెల్లి తీసిండు
రెండు అట్ట టికెట్లు. పాతయి, కందిపప్పు రంగు.
కాజీపేట నుంచి రామగుండం.
ఒకదాని మీద ఒకటి పెట్టి తీగ కిందికి తోసిండు.

టికెట్లు దిగినకాడ గేటుల గుంజుకుంటరు.
ఇవి ఉన్నయంటే
బండెక్కలేదన్నట్టే.
రెండోది ఎవరిదో.
నా చూపు దొరికింది ఆయనకు.
"ఇన్నేండ్లకు పనికొచ్చినయ్ సూడు,"
అని మర తిప్పుడు మీద పడ్డడు.

సన్నతీగకు రెండు టికెట్లు బిర్రుగ.
లావుదానికి గోరుమందం ఎక్కువ,
అది లావుగ ఊగుతది, జాగా కావాలె.
ఒక్కసారి మరీ దించితే
సీసాల పడ్డ తుమ్మెద లెక్క కొట్టుకున్నది.
ఎక్కించిండు. మళ్ల దించిండు,
ఈసారి వెంట్రుకంత.
"తంబూరకు దారం పెట్టి జీవ తీస్తరు గదా,
ఆ జాగ ఈడ యాడనో ఉంటది."

అప్పుడే బొగ్గు గూడ్సొకటి పోయింది.
గోడల కీళ్లు కదిలినయ్, చాయ్ కప్పులు టకటకమన్నయ్.
ఎవరూ ముట్టకుండనే
అన్నిట్ల కింది తీగ
మూలుగు మొదలువెట్టింది.
ఇన్నయ్య చెయ్యి లేపి అట్లనే ఉన్నడు,
యాభై తొమ్మిది డబ్బాలు,
నేను లెక్కవెట్టిన.
ఆఖరి డబ్బా పోయినంక గూడ
తీగ కొంచెంసేపు పోతనే ఉన్నది.

"ఇగ సాలు," అన్నడు. వాయించమన్నడు.
వేలు పెట్టి జరిపిన.
కర్రా తీగా ఒకదాన్నొకటి రాసుకొని
నోరు తెరిచి అన్నయ్ ఏదో,
మాటగాదు, మాటకు ముందటిది.
శృతి తప్పిన. "సగం గోరు ముందుకు,"
అన్నడు కండ్లు మూసుకొని.
ఆగాల్సిన చోటు చెప్పెటందుకు
దీనికి మెట్లు లేవు. ఆయన ఉన్నడు ఆ పూట.

యాభై తీసుకున్నడు. టికెట్లు
దుమ్ము దులిపి జేబుల పెట్టుకున్నడు.

మృగశిర దాటి నాలుగు వానలు పడ్డంక
మెడ వంగింది, తీగలు లేచినయ్.
కొలుద్దామంటే ఇంట్ల అంత మందం అట్టలు
చానా దొరికినయ్, పెండ్లి కార్డులు,
అగ్గిపెట్టె ముక్కలు. ఏదీ కుదరలె.
ఫాతిమానగర్ పోదామని చెప్పులేసుకొని
మళ్ల ఇడిచిన.

ఒక కన్ను మూసి చూసిన మెడ పొడుగునా.
పావు తిప్పిన.
చాయ్ పెట్టుకున్న.