ఎలుగు

రాగిహళ్ళి దాటాక రోడ్డు మట్టిదైంది,
ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి.
చౌడప్ప పొలం గట్టున మూడు గుడారాలు,
కోసేసిన రాగిచేను, చివర ఏనుగుల కందకం,
అవతల బన్నేరుఘట్ట అడవి
గొంగడి కప్పుకొని అటు తిరిగి పడుకుంది.

చౌడప్పకి ఎడమ చెవి లేదు.
ఎవరం అడగలేదు. ఆయనే చెప్పాడు,
పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు:
"దాని తప్పేం లేదమ్మా.
పుట్టలో మూతి పెట్టి చెదలు పీల్చుకుంటా ఉండింది.
నేను పిల్లి మాదిరి పోయినా.
గాలి దాని పక్కనుంచి నా మీదికి కొడతా ఉండె,
నా వాసన దానికి అందలా, నా అడుగు వినపడలా.
బెదిరింది.
బెదిరినోళ్ళు ఏం జేస్తారు?"

తర్వాత మా సంచులు విప్పించాడు.
మేఘమాల తెచ్చిన మాగాయ సీసా, అరటిపళ్ళు, బిస్కెట్లు,
ఆఖరికి నా టూత్‌పేస్టు కూడా
బోరు మోటారు గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు.
వండినచోట పడుకోవద్దన్నాడు.
కనబడితే పరిగెత్తొద్దన్నాడు.
మీద పడితే బోర్లా పడి, మెడ వెనక వేళ్ళు అల్లుకోమని
తనే పడి చూపించాడు, డెబ్భై ఏళ్ళ మనిషి, ఆ దుమ్ములో.
సుధాంశు నవ్వబోయి ఆ చెవి చోటు చూసి మానుకున్నాడు.

"ఇదంతా తర్వాతి మాట.
రాత్రి ఒంటేలుకి లేస్తే
ఎలుగెత్తి మాట్లాడతా పోవాల.
అదీ ఎలుగే, మనదీ ఎలుగే.
మన ఎలుగు ముందుగా పోతే
ఆ ఎలుగు దోవ ఇస్తాది."

నాకు ఎలుగెత్తడం రాదు.
బొమ్మనహళ్ళి పీజీలో ముగ్గురి మధ్య మంచం నాది,
ఇంటికి ఫోన్ చేస్తే దుప్పటి లోపలే.
మీటింగులో ఎవరో ఒకరు అంటారు,
"యామినీ, మ్యూట్‌లో ఉన్నావు."
ఉండను. నా గొంతే అంత.
ఆటోకి కన్నడం, ఆఫీసుకి ఇంగ్లీషు,
తెలుగు నాలిక కింద
కరగని మాత్ర.

రెండున్నరకి మెలకువ వచ్చింది.
మేఘమాల లేపితే లేవలేదు.
ఒక చేత టార్చి, ఒక చేత ఆయనిచ్చిన గజ్జెల కర్ర.
ఏమని అరవాలి? ఎవర్ని పిలవాలి, ఈ వేళప్పుడు?
నోరు తెరిస్తే ఎక్కడో అడుగున పడి ఉన్న
పదమూడో ఎక్కం వచ్చింది.

పదమూడు ఒకట్లు పదమూడు.
పదమూడు రెళ్ళు ఇరవై ఆరు.
గొణుగుడే. నాకంటే గజ్జెలే నయం.
మూళ్ళు ముప్ఫై తొమ్మిది దగ్గర
గొంతులో ఏదో పుటుక్కుమని తెగింది.
నాలుగులు యాభై రెండుని
కందకం నాకే తిరిగి అప్పజెప్పింది.

ఆర్ల దగ్గర విన్నాను.
ఊదడం, పీల్చడం. ఊదడం, పీల్చడం.
ఎవరో పెద్దాయన పళ్ళెంలో వేడి చారు జుర్రుతున్నట్టు,
అవతలి గట్టున, పుట్ట దగ్గర.
అది ఆగింది.
నేనూ ఆగాను.
చిన్నప్పుడూ ఏడుల దగ్గరే ఆగేదాన్ని,
ఆగి, బెత్తానికి చెయ్యి చాపేదాన్ని.

చెయ్యి చాపలేదు. పరిగెత్తలేదు.
వీపు తిప్పకుండా వెనక్కి ఒక అడుగు, ఇంకో అడుగు,
"పదమూడు ఏడులు ఎనభై నాలుగు!"
ఎనభై నాలుగు, ఎనభై నాలుగు అని
ఊరు లేచేలా అరిచాను.
పొదలు అటువైపుగా కదిలాయి.
విస్తరి ముందు నుంచి లేపేసిన చుట్టంలా
ఒక నల్లటి బరువు విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

గుడారాల్లోంచి తలలు బయటికి వచ్చాయి.
"ఎవరా అరిచింది?" అన్నాడు సుధాంశు.
నాలుగేళ్ళుగా నా పక్క కుర్చీ అతనిది.

తెల్లారి కందకం ఇవతలి నుంచే చూశాం.
పుట్టకి చెంబు పట్టేంత బొక్క,
చుట్టూ గోళ్ళ గీతలు, ఇంకా తడిగా.
చెదలు అప్పటికే మరమ్మతు మొదలుపెట్టాయి.
చౌడప్ప నా కంచంలో రాగిముద్ద పెట్టి
చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు,

"తొంభై ఒకటి, తల్లీ.
మా మనవరాలూ ఏడుల కాడే తప్పుతాది."