నూలు పట్టి చూస్తే

సిరొంచ బస్టాండు వెనక రేకుల షెడ్డుల
ఎనిమిది చక్రాల బండిని జాకీల మీద లేపినం.
నేల మీద నడుస్తది, నీళ్లల్ల ఈదుతది,
తహసీలు కాగితాలల్ల అట్లనే ఉంది.
ముక్కు నుంచి తోక దాక నూలు పట్టిండు మడావి లచ్చు:
"నడుమ రెండంగుళాలు జారింది మామా,
ఈనబోయే బర్రె కడుపు లెక్క."

ఆరుగురి బండి.
ప్రాణహిత ఊళ్లెకొచ్చిన రాత్రి
పదకొండు మంది ఎక్కిన్రు,
కాళ్లు కట్టిన మేక, ఒక కుట్టు మిషను.
మిషను దించుమంటే
శకీలాబీ తనే దిగబోయిందట.
డ్రైవరు ఏమనలే.
ప్లాస్టిక్కు అన్నది, మెల్లగ,
ప్రతి బోల్టు చుట్టూ వెంట్రుకంత పగులై.

టేకు దిమ్మ ఆనించి
జాకీని పూటకో పావు చుట్టు తిప్పినం.
వేడిగాలి పట్టి బతిమాలినం,
కోపంగ ఎత్తితే పెంకు లెక్క చిట్లుతది.
లోపల ఇనుప పక్కటెముకలు, అడ్డంగ మూడు.
బరువు పెరిగితే మునుగుతది,
తగ్గితే మళ్ల వంగుతది.
సర్కారు ఇంజినీరు లెక్క మరాఠీల రాసిచ్చిండు,
నేను తెలుగుల కోసిన.

నూలు మళ్ల పట్టినం. అరంగుళం ఇంక ఉంది.
ఉండనియ్,
అది కుట్టు మిషనుది.

నీళ్ల బండికి పరీక్ష ఉల్టా:
లోపల పోసి బయట చూడాలె.
ఇరవై బిందెలు పోసినం.
లచ్చు కింద ఎల్లకిల పండుకున్నడు
టార్చి పట్టుకొని.
చానసేపటికి, వెనక ఎడమ ఇరుసు కాడ
ఒక్క చుక్క.

పోసింది బోరు నీళ్లు.
చుక్క మట్టి రంగున ఉంది.