పదిహేడో తారీఖు లేని దారి

శాంతియాగో నుంచి ఆక్లండ్‌కి
తొమ్మిదివేల ఏడొందల కిలోమీటర్లకు ఓ పిసరు తక్కువ.
వెళ్లేటప్పుడు పదమూడు గంటలు,
వచ్చేటప్పుడు పదకొండే,
గాలి ఎప్పుడూ అటునుంచి ఇటే తోస్తుంది గనక.

నాకు కిలోమీటర్లు తెలీవు, గొర్రెలు తెలుసు.
గంటకి ముప్పై చొప్పున
దారి మొత్తం నాలుగొందలకి పది తక్కువ.
బొచ్చు కత్తిరించేవాడి నడుముకి
అంతకంటే సరైన కొలబద్ద లేదు.

పొర్వెనీర్‌లో మా సీజను జనవరి నడిమికి అయిపోతుంది.
అవతల సౌత్‌లాండ్‌లో షెడ్లు తెరిచే ఉంటాయి.
ఆరేళ్లుగా ఒకటే టికెట్టు:
పదహారు రాత్రి, పన్నెండుకి పది నిమిషాల ముందు.
దిగేసరికి పద్దెనిమిది, తెల్లవారుజాము.
నడిమి తేదీని
నీళ్లమీద ఎవరో గీసిన గీత ఒకటి
చీకట్లోనే మింగేస్తుంది.

ముందురోజు వెళ్తే అరవై వేల పేసోలు మిగులుతాయని
కౌంటర్లో కుర్రాడు చెప్పాడొకసారి.
వద్దన్నాను.
వాడికేం తెలుసు
నేను కొనేది సీటు కాదని.

పదిహేడునే మా తమ్ముడు నిబాల్దో
జలసంధిలో, పడవతో సహా
ఈ వాక్యం నేను ఇంతవరకే అంటాను.

ఏప్రిల్లో తిరిగొచ్చేటప్పుడు
మంగళవారం రెండుసార్లొస్తుంది.
ఆ రెండోదాన్ని ఏం చేసుకోవాలో తోచక
బస్టాండు బల్లమీద నిద్రపోతాను.

ఏడో ఏడు
ఇంజన్లో ఏదో మర బిగుసుకోలేదట.
రాత్రంతా కూర్చోబెట్టి, కాఫీ కూపన్లిచ్చి
మధ్యాహ్నం రెండింటికి లేపారు విమానాన్ని.
మేం పడమటికి, సూర్యుడూ పడమటికే,
ఒకే షెడ్డుకి పోతున్న ఇద్దరు కూలీల్లా.
అంత దక్షిణాన, జనవరిలో,
పొద్దు గుంకడమే మరిచిపోయింది.
కిటికీ తెర దించాను.
సందులోంచి దూరిన ఎండ
మోకాలి మీద కూర్చుని లేవనంది.
ఆరేళ్లు ఎగ్గొట్టిన పదిహేడులన్నీ
వడ్డీతో కలిపి ఒక్కటే పగలయ్యాయి.

పక్కసీటు నైరీ గారు, ఇన్వర్‌కార్గిల్ ముసలావిడ,
దిగేటప్పుడు ఇవ్వాల్సిన కాగితం నింపుతూ
నాకో పిప్పరమెంటు ఇచ్చి అడిగింది:
"ఇవాళ ఎన్నో తారీఖు బాబూ?"

"పదిహేడు" అన్నాను.
ఆ మాట పిప్పరమెంటు పక్కన
చాలాసేపు కరగలేదు.
ఆ తర్వాత
నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో
పడవ రంగు చెప్పాను. పచ్చ.
వాడు ఎడమచేతివాటమని చెప్పాను.
గాలి ఎటునుంచి కొట్టిందో చెప్పాను.
వాక్యం చివరిదాకా వెళ్లాను.

ఆవిడ ఏమీ అనలేదు.
ముందు తెరమీద బొమ్మ విమానం
గీత దాటింది, కుదుపు కూడా లేదు.
ఇంకా రెండువేల మూడొందలు.
ఎయిర్‌హోస్టెస్ వచ్చి తేదీ మారిందంది.

నైరీ గారు పెన్ను తీసి
పదిహేడుని అడ్డంగా కొట్టేసి
పక్కన పద్దెనిమిది రాసింది.

కొట్టేసిన గీత కింద
అంకె బాగానే కనపడుతోంది.