ఇత్తడి బుడ్డి

నౌపడ నుంచి గుణుపురం దాకా చిన్నబండికి
ఇరవై రెండేళ్లు పచ్చజెండా ఊపాను.
పింఛను మొదలయ్యాక ఊపడానికేం లేక
ఈ పిచ్చి పట్టుకుంది.

తుపాకులు కాదు బావూ.
కొనే తాహతూ లేదు, లైసెన్సూ లేదు.
నిజం చెప్పాలంటే, దీపావళికి కూడా
చెవులు మూసుకునే రకాన్ని.
నాక్కావలసింది దాని వెంట తిరిగిన చిల్లర:
తోలు పట్టీ, మూతికి తొడిగే ఖాకీ గుడ్డ,
అయిదు తూటాల్ని ఒక్క వరసన పట్టే రేకు బిళ్ల,
గొట్టం తుడిచే తాడూ, దాని కొసన ఇత్తడి గుండూ.

రెండో యుద్ధం అయిపోయాక
ఈ వంశధార గట్లకి మనుషులు తిరిగొచ్చారు, కొందరు.
తుపాకుల్ని సర్కారు లెక్కపెట్టి లోపల వేసుకుంది.
చిల్లర ఎవడు లెక్కపెట్టాడు?
కాశీనగరంలో తాపీమేస్త్రీ బెవర లింగయ్య
ఆ ఇత్తడి గుండునే దారానికి వేలాడదీసి
నలభై గోడలు నిలబెట్టాడు. ఒక్కటీ ఒరగలేదు.
తోలు పట్టీ గురండిలో ఒక మేక మెడకి దొరికింది.
మేకతో సహా అయితేనే అన్నాడు. సరే అన్నాను.
ఆ మేక సంగతి మా ఇంట్లో ఎత్తకండి.

ఒకసారి ఠాణాకి పిలిచారు.
గార్డుగారి ట్రంకుపెట్టెలో ఆయుధాలున్నాయని
ఎవడో చేరేశాడట.
సామానంతా బల్లమీద పరిచాను, సారె పరిచినట్టు.
ఎస్సై ఒక్కోటీ తిప్పి చూశాడు,
బల్లకిందకి కూడా వంగి చూశాడు.
"బొందుకొ కాహీ?"
లేదండి, అన్నాను.
"మరివన్నీ దేనికి?"
మా ఆవిడ పదేళ్లుగా అడిగేది అదే.
ఆవిడకే చెప్పలేనివాణ్ని, ఠాణాలో ఏం చెప్తాను?
టీ పోసి పంపేశారు.

లెక్కల పుస్తకంలో ఇంకొక్క గడి ఖాళీ.
నూనె బుడ్డి.
భుజానికి ఆనించే కర్ర మడమలో చిన్న తలుపుంటుంది,
ఆ తలుపు వెనక చీకట్లో పడుకునేది.
చిటికెనవేలంత ఇత్తడి.
మూత తిప్పి లాగితే మూతనంటుకునే
సన్నటి చెంచా.
ఏడేళ్లు వెతికాను.
ఒకదానికి చెంచా విరిగుండేది,
ఒకదానికి మూత వేరే బుడ్డిది.

దొరికింది పర్లాకిమిడిలోనే,
మా వీధికి మూడు సందుల అవతల,
కొమ్ముపని కుళామణి మహారాణా పీటపక్కన.
చెక్కుచెదరలేదు. అడుగున బాణం గుర్తు.
"తాతది" అన్నాడు.
తాత దాన్ని ఏ దేశంలో మోశాడో అతనికి తెలీదు.
తెలిసిందల్లా
చెంచా ముంచి ఎత్తితే ఒక్క చుక్క పడుతుందని.
"రెండోది పడితే చెయ్యి జారిపోద్ది బాబూ,
కొంగ మెడకి మెరుపు రాదు."

వెయ్యి అన్నాను. నవ్వాడు.
మూడు వేలన్నాను.
కొమ్ముని సెగమీద వంచుతూ తలెత్తలేదు.
అయిదు అనబోతున్నాను,
అతని రెండు చేతులూ పనిలో చిక్కుకున్నాయి.
"కాస్త పట్టుకోండి. దే అన్నప్పుడల్లా
ఒక చుక్క."

దే.
గేదె కొమ్ములోంచి కొంగ మెడ పైకి లేస్తోంది.
దే.
సిగ్నల్ పడేముందు ఆగినట్టు
చుక్క చుక్కకీ నా ఊపిరి ఆగుతోంది.
దే.
ఏ అడవిలో, ఎవరి వేళ్లు
ఇదే చెంచా ఇలాగే వంచి
ఏ గొట్టానికి చుక్క వేశాయో అనుకున్నాను.
చెయ్యి వణికి రెండు పడ్డాయి.
కుళామణి గుడ్డతో తుడిచాడు. ఏమీ అనలేదు.
దే.

చీకటిపడి ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను.
ఆ గడిలో ఉంది అని రాశాను.
ఎక్కడ అన్నచోట ఆ సందు పేరు.
నూనె వేలు ఆనినచోట ముద్ర
వెనక పేజీకి కూడా దిగింది.