అటే కింద

గాజు పళ్ళేన్ని నిలువుగా నిలబెట్టి
నల్లగుడ్డ కప్పాను.
చీకట్లో నాచుకి ఎటు పెరగాలో చెప్పేవాళ్ళెవరూ లేరు,
కణంలోని పిండి రేణువులు తప్ప.
బియ్యం కడిగిన నీళ్ళలో తెలుపు దిగినట్టు
అవి మెల్లగా దిగుతాయి.
అవి దిగిన వైపుకి వీపు పెట్టి
పోగు పైకి లేస్తుంది.

తొయామాలో ఫిబ్రవరి. కిటికీకి సగం దాకా మంచు.
నా పేరు చిగుసా. ఈ లాబ్‌లో పద్దెనిమిదేళ్ళుగా
పళ్ళేలు కడిగే, తిప్పే, లెక్క రాసే మనిషిని.
పోయిన మంగళవారం
పై అరలో సీసా కోసం మెడ ఎత్తానో లేదో
గదంతా గిర్రున తిరిగింది.
నేల పట్టుకుని కూచుంటే
నేలే జారిపోతోంది.

చెవి డాక్టరు నవ్వాడు.
"లోపల ఇసకంత రాళ్ళుంటాయి, ఎటు కిందో చెప్పడానికి.
రెండు మూడు చోటు తప్పాయి.
ఇప్పుడవి అబద్ధాలాడుతున్నాయి."
నా తలని రెండు చేతుల్తో పట్టుకుని
ఎడమకి, కిందికి, మళ్ళీ పక్కకి తిప్పాడు.
నేను పళ్ళేలని అలాగే తిప్పుతాను,
ఇంకొంచెం నెమ్మదిగా.

ఆ రాత్రి గుడ్డ కింద చెయ్యి పెట్టి
పళ్ళేన్ని పావు చుట్టు తిప్పాక
ఇన్నేళ్ళలో మొదటిసారి అడగాలనిపించింది:
నీకూ కళ్ళు తిరిగాయా?
తెల్లారి ఫోటోలు చూశాను.
కొసలు ముందు కాస్త కిందికే వంగాయి,
తప్పుదారిన.
తర్వాతే పైకి మళ్ళాయి.

ఇసోబే గారి బల్ల మీద ఒక పాత బొమ్మ ఉంది,
రోదసికి వెళ్ళొచ్చిన నాచు.
నేల విడిచిన సాము కదా,
చెల్లాచెదురవుతుందనుకున్నారంతా.
అది దోమల చుట్టలా
ఒకే వైపు వంపు తిరుగుతూ పోయింది.
బరువు కింద ఎన్ని యుగాలు దాచుకుందో
ఆ వంపుని,
ఎవరూ అడగలేదు గనక.

పక్కగదిలో యంత్రం రాత్రింబవళ్ళు తిరుగుతుంది.
అందులో పదింతల బరువు మోస్తున్న నాచు
మామూలు దానికన్నా పచ్చగా ఉంది.
దీనికి అర్థం ఏం చెప్పుకోవాలో నాకు తెలీదు.
మా అమ్మ అయితే ఏదో ఒకటి చెప్పేది,
మోసేవాళ్ళ గురించి.
నేను లెక్క రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం బస్టాపు దాకా
గోడ పట్టుకుని నడిచాను.
రాతి మెట్ల పక్క మంచు కరిగినచోట
వేలెడు నాచు కనిపించింది. ఆగాను.
అప్పుడే ఎవరింటి కప్పు మీదనుంచో
మంచుపెళ్ళ దభీమని పడింది.
ఎదురొస్తున్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు.

నాకు మాత్రం, హమ్మయ్య,
అటే కింద.