మూత లెక్క

పరకాల అవతల మాది రెండెకరాల చెలక.
మొగిలి పంపు ఎత్తుకుంటడు,
నేను డ్రమ్ము కాడ.
నీళ్లు మోసుడు, కట్టెతోని కలుపుడు,
మూతతోని కొలుసుడు నా పని.

మొదటేడు పంపుకు ఒక్క మూత.
పొద్దున కొడితే మాపటికి
పత్తి చెట్టు దులిపితే నూకల లెక్క రాలినయి
తెల్లదోమలు.
మొగిలి ఆ దినం ఈల వేసుకుంట ఇంటికొచ్చిండు.

మూడో ఏడు రెండు మూతలు.
ఆరో ఏడు మూడు,
మీదికెళ్లి ఇంకో సీసాది ఒకటి.
సీసాల రంగులు మారినయి, పేర్లు నోరు తిరగనియి,
పుర్రె బొమ్మ మాత్రం అదే నవ్వు.

మందుల దుకాణం సేటు అన్నడు:
"కొత్తది వచ్చిందమ్మా,
దీనికి దోమ కాదు, దోమ తాత గూడ సస్తడు."
తాత సచ్చిండో లేదో నాకెరుక లేదు.
మనుమలు మాత్రం సల్లగున్నరు.

సేటు బుక్కుల మా పేజీ నిండి
అవతలి పేజీకి ఎక్కింది, పైన "పాత బాకీ" అని రాసుకొని.
దోమకు గూడ ఉండొచ్చు అసొంటి బుక్కొకటి,
మనకు కనవడనంత సన్నంది.

ఆ యేడే పత్తి మీద జిగురు పడ్డది.
జిగురు మీద మసి పట్టింది.
ఎనుమాముల మార్కెట్ల ఖరీదుదారు
బోరెంల చెయ్యి పెట్టి, తీసి,
వేళ్లు రుమాలుకు తుడుసుకున్నడు.
రేటు చెప్పనే లేదు.

అప్పుడొచ్చింది ఏఈవో షబానా మేడం,
స్కూటీ దిగి, చెప్పులు చేతుల పట్టుకొని, బురదల.
ఆకు తిరగేసి అద్దం పెట్టింది:
"మీరు పైన కొడుతున్నరు,
అది కింద కాపురముంటున్నది."
చూసిన.
పొలుసుల లెక్క అతుక్కొని, కాళ్లు లేనట్టు, కదలకుండ
పసికూనలు పాలు తాగుతున్నయి.

"ఇరవై దినాలకు ఒక తరం," అన్నది.
అంటే మాకు ఒక్క పంట చేతికొచ్చేసరికి
దానికి ఏడు తరాలు.
ఏడు తరాలు కూసుండి తినే ఆస్తి అంటరే,
అది మా చెలకల ఉన్నది. మాది కాదు.

"వేలల్ల ఏదో ఒక్కటుంటది,
పుట్టుకతోనే మందును ఇరగ్గొట్టే గుణం దానికి.
మందు ఆ గుణం ఇయ్యలేదమ్మా.
తక్కినయన్నీ సచ్చిపోయి
చేనంత దాని పేరు మీద పట్టా చేసినయి."

మా అత్త సారమ్మ యాదికొచ్చింది.
కల్లంల కంకులన్ని పరిచి
పురుగు తాకనిది, గింజ గట్టిది
ఒక్కొక్కటి ఏరి పక్కకు పెట్టేది.
బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి పేడ మెత్తేది.
"ఇత్తనం కట్టుడంటే ఏం లేదే, గట్టిదాన్ని ఏరుడే."

పదేండ్ల సంది
ఈ చేతులతోని, మూత మూతకు,
మెత్తటియన్ని చంపి, గట్టిదాన్ని ఏరి,
దోమకు ఇత్తనం కట్టిన నేను.
అత్త కంటె మంచిగ కట్టిన.

"మరేం చెయ్యాలె?"
"కొన్నిటిని ఇడిసిపెట్టాలె.
సచ్చేటియి గూడ పిల్లలు పెట్టాలె."
ఈ మాట మొగిలికి చెప్తే
అన్నం ముద్ద చేతుల పట్టుకొని నా మొకం చూసిండు.
"దోమలకు కౌలుకిస్తున్నవా చేను?"

ఈయేడు చుట్టూరా నాలుగు సాళ్లు జొన్న పెట్టినం.
పాత నూనె డబ్బాలకు పసుపు రంగు ఏసి
ఆముదం రాసి కట్టెలకు గుచ్చిన.
మాపటికి తెల్లగ అయితయి.
అయినా మొగిలికి నిద్ర పట్టది.

తెల్లారకముందే పంపు భుజానికేసుకొని
డ్రమ్ము కాడ నిలవడ్డడు.
"ఎన్ని మూతలు?"
మూత నా పిడికిట్ల ఉన్నది,
దాని మరలు అరచేతిల దిగుతున్నయి.
"ఆగు," అన్న.
సాలులకు పోయి ఒక ఆకు తిరగేసిన.

పదకొండు.
వీటిల నేను పెంచినయి ఎన్నో,
సచ్చేటియి ఎన్నో.
అన్నీ తెల్లగనే ఉన్నయి.